తాండూరు తీర్పు తర్వాత ఆరేళ్లు: మర్రి చెన్నారెడ్డి శాసనసభా జీవితం

తెలంగాణ ఉద్యమ చరిత్ర రాసినవాళ్లలో చాలామంది మర్రి చెన్నారెడ్డి పేరు రాగానే ఒక మాట తప్పకుండా రాస్తారు. 1968లో తాండూరు ఎన్నిక రద్దయింది, కేంద్రంలో మంత్రి పదవి పోయింది, అందుకే 1969లో ప్రత్యేక తెలంగాణ జెండా పట్టుకున్నారు అని. ఈ మాటను ఆయనంటే గిట్టనివాళ్లే కాదు, గిట్టేవాళ్లు కూడా ఒప్పుకున్నట్టే మాట్లాడతారు. ఇందులో సగం నిజం ఉంది. ఆ సగాన్ని మొత్తమనుకోవడం వల్ల ఒక మనిషి చరిత్రతో పాటు ఒక ప్రాంతం చరిత్ర కూడా వంకరగా అర్థమవుతోంది. తాండూరు తీర్పు చెన్నారెడ్డికి తెలంగాణ వాదాన్ని ఇవ్వలేదు. ఆ వాదం అంతకు పన్నెండేళ్ల ముందే ఆయన సంతకంతో సహా కాగితం మీద ఉంది. తీర్పు చేసిన పని వేరు. శాసనసభల్లో పుట్టి, శాసనసభల్లోనే పని చేయడం తెలిసిన నాయకుణ్ణి ఆరేళ్లపాటు సభ బయట నిలబెట్టింది. 1969లో ఆయన ఎదుగుదలకూ, 1971లో ఆయన చేసిన విలీనానికీ కారణాన్ని ఆ ఆరేళ్లలోనే వెతకాలని ఈ భాగంలో నా వాదన.

ముందు మనిషిని తెలుసుకుందాం. చెన్నారెడ్డి 1919 జనవరి 13న సిరిపురంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో ఉంది. 1941లో ఎంబీబీఎస్ పూర్తి చేసి డాక్టరయ్యారు. పేరు ముందు 'డాక్టర్' చివరిదాకా ఉంది గానీ జీవితమంతా రాజకీయాలకే పోయింది. మేనమామ కొండా వెంకట రంగారెడ్డి హైదరాబాద్‌లో పేరున్న వకీలు, ఆంధ్ర మహాసభ తరం నాయకుడు. ఆ ఇంటి వాతావరణంలో రాజకీయమంటే అర్జీలు, తీర్మానాలు, సభలు, చట్టంలోని సందులు వెతికి హక్కు రాబట్టుకోవడం. సాయుధ పోరాటం అదే కాలంలో నల్లగొండ, వరంగల్ పల్లెల్లో వేరే తరహా నాయకులను తయారు చేస్తోంది. హైదరాబాద్‌కు పడమటి వైపున్న ఈ తాలూకాల నుంచి వచ్చిన కాంగ్రెస్ నాయకత్వం మాత్రం కోర్టు మెట్ల మీద, సభా మందిరాల్లో తయారైంది. ఈ తేడా గుర్తుంటేనే తర్వాతి కథ సరిగ్గా అర్థమవుతుంది. 1952లో మొదటి సార్వత్రిక ఎన్నికల్లో వికారాబాద్ నుంచి హైదరాబాద్ శాసనసభకు గెలిచి, 33 ఏళ్ల వయసులో బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గంలో వ్యవసాయ మంత్రి అయ్యారు.

ఆ మంత్రి పదవిలో ఉండగానే ఆయన జీవితంలోని మొదటి పెద్ద పరీక్ష వచ్చింది. 1955 సెప్టెంబరు 30న రాష్ట్రాల పునర్విభజన సంఘం నివేదిక ఇచ్చింది. తెలంగాణ ప్రాంతాన్ని హైదరాబాద్ రాష్ట్రంగా విడిగా ఉంచాలని, 1961 ప్రాంతంలో జరగబోయే ఎన్నికల తర్వాత ఆ శాసనసభలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటేనే ఆంధ్రతో కలపాలని సూచించింది. ఆ ఏడాది చివర హైదరాబాద్ శాసనసభలో జరిగిన చర్చలో ఎక్కువమంది విశాలాంధ్ర వైపే మాట్లాడారు. ముఖ్యమంత్రి బూర్గుల కూడా చివరికి అటే మొగ్గారు. కాంగ్రెస్‌లో ఎదురు నిలిచినవాళ్లలో ముందువరసలో కె.వి. రంగారెడ్డి, ఆయన మేనల్లుడు చెన్నారెడ్డి ఉన్నారు. ఢిల్లీ పెద్దలు విలీనానికే నిర్ణయించుకున్నాక ఈ ఇద్దరూ రాజీనామా చేసి వీధికెక్కలేదు. షరతులు రాయించుకునే పనికి కూర్చున్నారు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం మీద ఆంధ్ర తరఫున బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు, తెలంగాణ తరఫున బూర్గుల, కె.వి. రంగారెడ్డి, చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు సంతకాలు చేశారు. తెలంగాణ మిగులు ఆదాయం తెలంగాణలోనే ఖర్చు కావాలి, ఉద్యోగాలకు పన్నెండేళ్ల నివాసం ఉండాలి, ప్రాంతీయ సంఘం ఉండాలి, ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు కావాలి. 1969లో విద్యార్థులు అరిచిన నినాదాల్లో చాలా భాగం ఈ కాగితంలోని అంశాలే. నవంబరు 1న కొత్త రాష్ట్రం వచ్చింది. సంజీవరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. ఉపముఖ్యమంత్రి పదవిని మాత్రం ఆ రోజు ఎవరికీ ఇవ్వలేదు. రాష్ట్రం పుట్టిన రోజునే ఒప్పందంలో ఒక అంశం పక్కకు పోయింది. దాన్ని గమనించడానికి చెన్నారెడ్డికి 1968 తీర్పు అవసరం లేదు.

ఇక నియోజకవర్గం సంగతి. 1957లో ఆయన మళ్లీ వికారాబాద్ నుంచే గెలిచారు. అప్పుడది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఒక జనరల్ స్థానం, ఒక షెడ్యూల్డ్ కులాల స్థానం. ఇలాంటి ద్విసభ్య నియోజకవర్గాలను 1961లో పార్లమెంటు చట్టం చేసి రద్దు చేసింది. వికారాబాద్ షెడ్యూల్డ్ కులాలకు రిజర్వయిన స్థానంగా మిగిలింది. 1962లో చెన్నారెడ్డి పక్కనున్న తాండూరుకు మారారు. ఈ తాండూరు ఆయన పుట్టిన ప్రాంతానికి దగ్గరే అయినా చరిత్రలో వేరే దారిన వచ్చింది. హైదరాబాద్ రాష్ట్రంలో అది గుల్బర్గా జిల్లాలోని తాలూకా. 1956లో ఆ జిల్లా మైసూరు రాష్ట్రంలో చేరినప్పుడు తాండూరును, కొడంగల్‌ను విడదీసి తెలుగు రాష్ట్రంలో కలిపారు. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ బజారు భాషలే. 1874లో మొదలైన వాడి - సికింద్రాబాద్ రైలు మార్గం తాండూరును వికారాబాద్‌తో, హైదరాబాద్‌తో కలిపింది. నాపరాళ్ల గనులు, కంది పంట, కాగ్నా నది ఒడ్డున వ్యాపారం చేసుకునే పట్నం. అక్కడ గెలవడానికి పుట్టిన ఊరి పరపతి ఒక్కటే చాలదు. మంత్రి హోదా, పార్టీ యంత్రాంగం, పలుకుబడి ఉన్న మధ్యవర్తులు కావాలి. ఎన్నికల పిటిషన్లు సాధారణంగా పుట్టేది ఇలాంటి చోట్లేనని నా అభిప్రాయం. ఓటర్లతో నేరుగా పాతుకుపోయిన బంధం లేనప్పుడు అభ్యర్థి తరఫువాళ్లు చేసే పనులు హద్దు దాటడానికి అవకాశం ఎక్కువ.

1962లోనూ 1967లోనూ తాండూరు చెన్నారెడ్డినే గెలిపించింది. సంజీవరెడ్డి, బ్రహ్మానందరెడ్డి మంత్రివర్గాల్లో ఆయన పని చేశారు. ఆర్థిక శాఖ కూడా చూశారు. 1967 ఎన్నికల తర్వాత ఇందిరాగాంధీ ఆయన్ను కేంద్రంలోకి తీసుకుని ఉక్కు, గనుల శాఖ ఇచ్చారు. దానికోసం రాజ్యసభకు వెళ్లారు. ఈలోగా తాండూరు ఫలితాన్ని సవాలు చేస్తూ వందేమాతరం రామచంద్రరావు హైకోర్టుకెక్కారు. 1917లో గద్వాలలో పుట్టిన ఈయన ఆర్యసమాజ యోధుడు. నిజాం జైల్లో వందేమాతరం అనడం మానకపోవడంతో ఆ మాటే ఇంటిపేరు స్థానంలో నిలిచింది. ఒక వైపు కేంద్ర మంత్రి, మరో వైపు జైలు జీవితం తప్ప వేరే బలం లేని మనిషి. 1968 ఏప్రిల్‌లో హైకోర్టు తీర్పు పిటిషనర్ వైపు వచ్చింది. చెన్నారెడ్డి కేంద్ర మంత్రి పదవికి రాజీనామా చేశారు. అప్పీలు మీద సుప్రీంకోర్టు కూడా ఆయనకు ఊరట ఇవ్వలేదు.

ఈ కేసు ఎందుకంత బరువైనదో తెలియాలంటే అప్పటి చట్టం చూడాలి. 1952 నుంచి 1966 దాకా మన దేశంలో ఎన్నికల వివాదాలను ప్రత్యేక ట్రిబ్యునళ్లు విచారించేవి. కేసులు ఏళ్ల తరబడి సాగేవి. సభ కాలపరిమితి ముగిశాక తీర్పు వస్తే ఎవరికి ప్రయోజనం? 1966లో ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి పిటిషన్లను నేరుగా హైకోర్టులకు అప్పగించారు. 1967 ఎన్నికల పిటిషన్లు ఈ కొత్త పద్ధతిలో నడిచిన మొదటి విడత. తాండూరు కేసు ఏడాది దాటగానే తేలడానికి అదే కారణం. అదే సవరణ ఇంకో కఠినమైన నియమాన్ని పెట్టింది. చట్టం 'అవినీతికర చర్యలు' అని పేర్కొన్న వాటిలో లంచం, బెదిరింపు, మతం కులం పేరిట ఓటడగడం, ఓటర్లను వాహనాల్లో తరలించడం, ప్రభుత్వోద్యోగుల సాయం తీసుకోవడం వంటివి ఉన్నాయి. వీటిలో దేనికైనా దోషి అని కోర్టు తేలిస్తే సభ్యత్వం పోవడంతో పాటు, ఇంకెవరి నిర్ణయమూ అవసరం లేకుండా ఆరేళ్ల అనర్హత తనంత తాను వచ్చి పడేది. ఆ ఆరేళ్లలో ఏ చట్టసభకూ పోటీ చేయకూడదు. శాసనసభ సీటు కోసం జరిగిన కేసులో రాజ్యసభ సభ్యుడైన కేంద్ర మంత్రి కుర్చీ కదలడానికి కారణం ఈ నియమమే.

చెన్నారెడ్డి అప్పీలులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం తర్వాత దశాబ్దాల పాటు దేశమంతటా ఎన్నికల కేసుల్లో ఉదాహరణగా నిలిచింది. సారాంశం ఇది. అవినీతికర చర్య ఆరోపణ నేరారోపణ లాంటి బరువైనదే, అది మొగ్గు ఎటుందో చూసి తేల్చేది కాదు, గట్టి సాక్ష్యం కావాలి. అయినా ఎన్నికల పిటిషన్ పూర్తిగా క్రిమినల్ విచారణ కాదు. నేర విచారణలో నిందితుడు నోరు మెదపకుండా కూర్చోవచ్చు. ఇక్కడ మాత్రం అభ్యర్థి తన వైపు సాక్ష్యం తెస్తాడు, అప్పుడు కోర్టు రెండు కథనాలనూ తూచి, వివేకం గల మనిషి ఆరోపణ రుజువైందని నమ్మగలడా లేదా అని చూడాలి. నోటిమాట సాక్ష్యమే ఎక్కువగా ఉండే పల్లె ఎన్నికలకు ఇది అమల్లో పెట్టగలిగే కొలత. లేకపోతే ఏ పలుకుబడి గల అభ్యర్థి మీదా ఎప్పటికీ ఏదీ రుజువు కాదు. తాండూరు తగవు నుంచి భారత న్యాయశాస్త్రానికి దక్కినది ఇది. ఈ ప్రాంతం వాళ్లలో ఎక్కువమందికి ఈ సంగతి తెలియకపోవడం విచారకరం.

ఎన్నికైనవాడి ఎన్నిక చెల్లదని ఎవరు చెప్పాలి? ఈ ప్రశ్న మనకే కొత్తగా రాలేదు. బ్రిటన్‌లో కామన్స్ సభ తన సభ్యుల వివాదాలను తానే తేల్చుకునేది. పార్టీ బలాన్ని బట్టి తీర్పులు వస్తున్నాయన్న విమర్శ పెరిగి, 1868 చట్టంతో ఆ పని జడ్జీలకు ఇచ్చారు. తాండూరు తీర్పుకు సరిగ్గా వందేళ్ల ముందు. అమెరికా మాత్రం ఇప్పటికీ పాత దారిలోనే ఉంది. అక్కడి రాజ్యాంగం ప్రతి సభనూ తన సభ్యుల ఎన్నికకు తానే న్యాయమూర్తిగా నియమించింది. దీని ఫలితం చూడటానికి విలియమ్ లారిమర్ కథ ఉపయోగపడుతుంది. షికాగో రాజకీయాల్లో చక్రం తిప్పిన ఈ రిపబ్లికన్ నాయకుణ్ణి 1909లో ఇల్లినాయ్ శాసనసభ సెనేట్‌కు పంపింది. అప్పటికి సెనేటర్లను మన రాజ్యసభ సభ్యుల మాదిరి రాష్ట్ర శాసనసభ్యులే ఎన్నుకునేవారు. మరుసటి ఏడాది షికాగో ట్రిబ్యూన్ పత్రిక ఒక శాసనసభ్యుడి ఒప్పుకోలును అచ్చువేసింది. లారిమర్‌కు ఓటు వేసినందుకు తనకు వెయ్యి డాలర్లు ముట్టాయని అతను చెప్పాడు. 1911లో సెనేట్ విచారించి, ఆరోపణ నిలబడలేదని లారిమర్‌ను కొనసాగించింది. గొడవ సద్దుమణగక మళ్లీ విచారించి, 1912 జులై 13న అదే సెనేట్ ఆ ఎన్నిక చెల్లదని తీర్మానించింది. ఒకే మనిషి, ఒకే ఎన్నిక. సభ మాత్రం రెండు మాటలు చెప్పింది. ఇలాంటి కుంభకోణాల వేడిలోనే 1913లో పదిహేడో సవరణ వచ్చి సెనేటర్లను ప్రజలే నేరుగా ఎన్నుకోవడం మొదలైంది. లారిమర్ 1934లో చనిపోయారు. సెనేట్ బయటకు వెళ్లాక మునుపటి స్థాయికి మళ్లీ రాలేదు.

లారిమర్‌నూ చెన్నారెడ్డినీ పక్కపక్కన పెట్టి చూస్తే అసలు ప్రశ్న పైకి వస్తుంది. ఎన్నిక రద్దు కావడం ఒక నాయకుణ్ణి తొక్కేసింది. మరొకరు ఏడాది తిరిగేసరికి తన ప్రాంతంలో అంతకు ముందెన్నడూ లేనంత పెద్ద నాయకుడయ్యారు. 'పదవి పోయిన కోపం' అన్న వివరణ సరిపోయేదైతే లారిమర్‌కు కోపం తక్కువా? తేడా మనుషుల కోపతాపాల్లో లేదు, వాళ్ల చుట్టూ ఉన్న కాలంలో ఉంది. షికాగోలో లారిమర్ వెంట నిలబడటానికి ఒక పార్టీ ముఠా తప్ప ప్రజల ఫిర్యాదు ఏదీ లేదు. హైదరాబాద్‌లో పన్నెండేళ్లుగా పేరుకున్న ఫిర్యాదు నాయకుడి కోసం చూస్తోంది.

ఆ ఫిర్యాదు 1969 ఆరంభంలోనే ఎందుకు బద్దలైందో పరిశీలిస్తే తాండూరు కేసుకు దానితో సంబంధం లేదని తేలుతుంది. ఉద్యోగాలు స్థానికులకే దక్కాలనే ముల్కీ నియమాలను కాపాడటానికి పార్లమెంటు 1957లో ఉద్యోగాల నివాస అర్హత చట్టం చేసింది. దాని కింద నియమాలు 1959 మార్చిలో అమల్లోకి వచ్చాయి, ఐదేళ్లకు. 1964లో మరో ఐదేళ్లు పొడిగించారు. అంటే 1969 మార్చిలో గడువు తీరబోతోంది. నిబంధనలు ఉల్లంఘించి ఇచ్చిన ఉద్యోగాల లెక్కలు, మిగులు నిధుల లెక్కలు అప్పటికే బజారులో ఉన్నాయి. కొత్తగూడెం, పాల్వంచ ప్రాంతంలో మొదలైన అలజడి జనవరిలో ఖమ్మం మీదుగా హైదరాబాద్‌కు, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి పాకింది. జనవరి 19న అఖిలపక్ష ఒప్పందం, రెండు రోజుల్లో స్థానికేతర ఉద్యోగులను వెనక్కి పంపే ఉత్తర్వు, మార్చి 28న ఆ నివాస నిబంధన రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు తీర్పు, ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ అష్టసూత్రాలు. ఇదంతా చెన్నారెడ్డి తెలంగాణ ప్రజా సమితి అధ్యక్షుడు కాకముందే జరిగిపోయింది. ఆయన ఆ పదవి చేపట్టింది మే నెలలో. ఉద్యమాన్ని ఆయన పుట్టించలేదు, పుట్టించగల స్థితిలోనూ లేరు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. 1956 నాటి వాదం అంత నిజమైనదైతే, 1962 నుంచి 1967 దాకా మంత్రిగా ఉన్నప్పుడు ఆ వాదం ఏమైంది? మిగులు నిధులు తెలంగాణలో ఖర్చు కాలేదన్న ఆరోపణ 1956 నుంచి 1968 వరకు కాలానికి సంబంధించింది. అందులో కొంత కాలం ఆర్థిక శాఖ ఆయన చేతిలోనే ఉంది. ఉద్యోగ నియమాల ఉల్లంఘనలు ఆయన కూర్చున్న మంత్రివర్గం కళ్ల ముందే జరిగాయి. ఈ అభ్యంతరం నిలుస్తుంది. ఆ బాధ్యత నుంచి ఆయన్ను తప్పించే ఆధారం ఏదీ లేదు. అయితే ఇది రుజువు చేసేది వాదం లేదని కాదు. పదవిలో ఉన్నప్పుడు ఆయన వాదాన్ని లోపలి బేరంగా మార్చుకునే మనిషని రుజువు చేస్తుంది. 1956లో సంతకం పెట్టడం అదే పద్ధతి. తర్వాత మంత్రివర్గంలో చేరడం కూడా అదే పద్ధతి. తీర్పు రాకపోయి ఉంటే 1969లో ఆయన కేంద్ర మంత్రిగా ఢిల్లీలో కూర్చుని అష్టసూత్రాల తయారీలో చేయి వేసి ఉండేవారని నా నమ్మకం. తీర్పు ఆయన మనసు మార్చలేదు. బేరం ఆడే స్థలాన్ని లాగేసుకుంది. సభ తలుపు మూసుకుపోయినప్పుడు మిగిలింది వీధి ఒక్కటే.

రెండో అభ్యంతరం విద్యార్థి నాయకుల వైపు నుంచి వచ్చేది. మేము రక్తం చిందించాక వచ్చి పీఠమెక్కారని. వాళ్ల బాధలో న్యాయముంది. కాల్పులకు గురైనవాళ్లు, చదువులు పోగొట్టుకున్నవాళ్లు వాళ్లే. సమితిని కట్టిన తొలి పేర్లు కూడా చెన్నారెడ్డివి కావు. కానీ అలజడిని ఓట్లుగా మార్చే పని విద్యార్థులకు చేతకాలేదు, చేతకావాలని కోరడమూ అన్యాయమే. జూన్‌లో అరెస్టయి రాజమండ్రి జైలుకు వెళ్లిన చెన్నారెడ్డి బయటకు వచ్చాక చేసిన పని సభా మనిషి చేసే పనే. సమితిని ఎన్నికల పార్టీగా నిలబెట్టారు. 1971 మార్చిలో దేశమంతా ఇందిరాగాంధీ గాలి వీచింది, 'గరీబీ హటావో' ముందు ఎవరూ ఆగలేదు. ఆ గాలిలోనే తెలంగాణలోని 14 లోక్‌సభ స్థానాల్లో 10 ప్రజా సమితి గెలిచింది. స్వాతంత్ర్యం వచ్చాక ఈ ప్రాంతం ప్రత్యేక రాష్ట్రం మీద ఇచ్చిన మొదటి స్పష్టమైన తీర్పు అది. దాన్ని సాధించిన అధ్యక్షుడు ఆ పదిమందిలో లేరు. ఉండే వీలు లేదు. 1968 అనర్హత 1974 దాకా ఉంది.

అదే సంవత్సరం సెప్టెంబరులో ప్రజా సమితి కాంగ్రెస్‌లో కలిసిపోయింది. చెన్నారెడ్డి మీద తెలంగాణ వాదుల కోపమంతా ఇక్కడ కేంద్రీకృతమవుతుంది. ద్రోహం అన్న మాటే వాడతారు. జరిగింది చూద్దాం. బ్రహ్మానందరెడ్డి రాజీనామా చేశారు. సెప్టెంబరు 30న తెలంగాణకు చెందిన పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి అయ్యారు. ముల్కీ నియమాలు కొనసాగుతాయన్న హామీ దొరికింది. పార్లమెంటులో పదిమంది సభ్యులు, అసెంబ్లీలో బలం లేని పార్టీ, అఖండమైన మెజారిటీ ఉన్న ప్రధానమంత్రి. ఆ రోజు ప్రత్యేక రాష్ట్రం రాబట్టే మార్గం ఎవరికైనా ఉందని చూపించగలిగితేనే ద్రోహం అన్న మాట నిలుస్తుంది. నాకు ఆ మార్గం కనిపించదు. అయితే విలీనం తెలివైన బేరం అని కూడా నేను అనను. షరతులకు కాపలా ఎవరు? 1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ముల్కీ నియమాలు చెల్లుతాయంది, దాంతో కోస్తా, రాయలసీమల్లో జై ఆంధ్ర ఉద్యమం లేచింది, పి.వి. ప్రభుత్వం పోయి రాష్ట్రపతి పాలన వచ్చింది, 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం వచ్చింది. దాంతో ముల్కీ నియమాలూ పోయాయి, ప్రాంతీయ సంఘమూ పోయింది. 1956లో చెన్నారెడ్డి సంతకం చేసి రాబట్టినవి, 1971లో మళ్లీ హామీ పుచ్చుకున్నవి రెండేళ్లలో చెరిగిపోతుంటే ఆయన ఏ సభలోనూ సభ్యుడు కాదు. పార్టీని అప్పగించిన నాయకుడి చేతిలో లేచి నిలబడి మాట్లాడే సీటైనా లేదు. విలీనంలోని అసలు లోపం ఇదే. బేరమాడేవాడికి బేరాన్ని అమలు చేయించే చోటు ఉండాలి. ఆ చోటును తాండూరు తీర్పు ముందే తీసేసింది.

అనర్హత గడువు 1974లో తీరింది. ఆ అక్టోబరులోనే చెన్నారెడ్డి ఉత్తరప్రదేశ్ గవర్నర్ అయ్యారు. ఆయన లక్నో రాజ్‌భవన్‌లో ఉండగానే 1975 జూన్ 12న అదే రాష్ట్రంలోని అలహాబాద్ హైకోర్టులో జస్టిస్ జగ్‌మోహన్‌లాల్ సిన్హా రాయ్‌బరేలీ నుంచి ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదని తీర్పు చెప్పారు. అవే అవినీతికర చర్యల నిబంధనలు, అదే ఆరేళ్ల అనర్హత. చెన్నారెడ్డి 1968లో పదవి వదిలి అప్పీలు చేసుకున్నారు. 1975లో దేశం ఎమర్జెన్సీలోకి వెళ్లింది. ఆ ఆగస్టులో ఎన్నికల చట్టాన్ని మార్చారు. అనర్హత తనంత తాను రావడం ఆగిపోయి, ఉండాలా వద్దా, ఎంతకాలం అన్నది ఎన్నికల సంఘం అభిప్రాయం మీద రాష్ట్రపతి నిర్ణయించే పద్ధతి వచ్చింది. చెన్నారెడ్డి మీద పడిన కత్తి ఆయనకంటే పెద్దవారి మెడ మీదకు వచ్చేసరికి మొద్దుబారింది. తాండూరు కేసును ఎవరో పన్నిన కుట్రగా చెప్పేవారికి నా జవాబు కూడా ఇక్కడే ఉంది. ఆ చట్టం 1967 నుంచి 1975 దాకా పెద్దా చిన్నా చూడకుండా పని చేసింది. కేంద్ర మంత్రికీ ప్రధానికీ ఒకే కొలత పెట్టింది. దాన్ని మార్చాక మన ఎన్నికలు శుభ్రపడ్డాయని ఎవరూ అనలేరు.

మిగిలిన జీవితం అందరికీ తెలిసిందే. 1978 మార్చి నుంచి 1980 అక్టోబరు దాకా, మళ్లీ 1989 డిసెంబరు నుంచి 1990 డిసెంబరు దాకా ఆయన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి. రెండుసార్లూ కాలం నిండలేదు. మొదటిసారి ముఖ్యమంత్రిగా ఉండగా, 1978 ఆగస్టు 15న, హైదరాబాద్ చుట్టూ ఉన్న పల్లె ప్రాంతంతో కొత్త జిల్లా ఏర్పడింది. వికారాబాద్, తాండూరు అందులోకి వచ్చాయి. దానికి మేనమామ రంగారెడ్డి పేరు పెట్టారు. 1989లో ఆయన గెలిచిన సీటు సనత్‌నగర్, సొంత తాలూకాలకు దూరంగా నగరంలో. పంజాబ్, రాజస్థాన్, తమిళనాడు గవర్నర్ పదవులు కూడా చేశారు. వాటిలో చెప్పుకోదగ్గది ఒకటి: 1995లో తమిళనాడు గవర్నర్‌గా, పదవిలో ఉన్న ముఖ్యమంత్రి జయలలిత మీద అవినీతి కేసు పెట్టడానికి అనుమతి ఇచ్చారు. ఎన్నికైనవారిని చట్టం ముందు నిలబెట్టడమంటే ఏమిటో సొంత అనుభవంతో తెలిసిన మనిషి ఇచ్చిన అనుమతి అది. 1996 డిసెంబరు 2న అదే పదవిలో కన్నుమూశారు.

చెన్నారెడ్డిని అవకాశవాది అనేవాళ్లు 1956 కాగితాన్ని పక్కన పెడుతున్నారు. ఉద్యమ వీరుడు అనేవాళ్లు 1962-67 మంత్రి పదవులను పక్కన పెడుతున్నారు. ఆయన ఆ రెండూ కాదు. తెలంగాణ షరతులను చివరిదాకా నమ్మిన, వాటిని సాధించడానికి బేరం తప్ప వేరే దారి నేర్చుకోని శాసనసభ్యుడు. వచ్చే భాగంలో అదే వికారాబాద్ నుంచి శాసనసభకు వెళ్లిన ఆది హిందూ ఉద్యమ నాయకుడు అరిగె రామస్వామి గురించి రాస్తాను. ఈ లోగా వికారాబాద్, తాండూరు పాఠకులకు ఒక విన్నపం. మీ ఇళ్లలో 1967 ఎన్నికల కరపత్రాలు గానీ, 1969-71 నాటి ప్రజా సమితి రసీదులు, సభల ప్రకటనలు గానీ ఉంటే పారేయకండి. జిల్లా గ్రంథాలయానికి ఇవ్వండి.